వెయ్యని బంతుల లెక్క

పగలంతా మిర్చి యార్డులో కాటా రాస్తాను.
టిక్కీకి నలభై రెండు, నలభై మూడున్నర,
తేమకి ఇంత తరుగు, గోతానికి ఇంత.
సాయంత్రం అదే పెన్నుతో
స్తంభాలగరువు సిమెంటు కోర్టు పక్కన కూర్చుని
కెజియా వేసిన బంతులు రాస్తాను.
పడితే సున్న, తప్పితే ఇంటూ.
జీతం లేదు. నాలుగు దగ్గులు, ఒక టీ.

గార్డంటే బంతి తెచ్చేవాడే గాని
తినేవాడు కాదనేవాళ్లు మా రోజుల్లో.
వడ్డించేవాడికి ఆఖరి పంక్తి.
కెజియా ఇంకా ఆ పంక్తిలోనే కూర్చుంది.
ఐదడుగుల ఒక్కంగుళం పిల్ల
ఇద్దర్ని దాటి, మూడోదాని చూపు పక్కకి తిప్పి,
బంగారంలాంటి బంతిని తీసుకెళ్లి
తాహెరా చేతిలో పెడుతుంది.
తాహెరా చేతులకి వెన్న రాసుకుని పుట్టింది.

వెయ్యవే, వెయ్యి! అని యాకోబు మాస్టారి కేక.
ఎక్కణ్ణుంచో చెప్పడు.
వాళ్లన్న ప్రసన్నబాబు మాత్రం ఫోను తీసి చూపిస్తాడు:
గీత అవతల్నుంచి మూడు, ఇవతల్నుంచి రెండు,
పదింటికి నాలుగు పడ్డా లాభమే బాబాయ్.
నిజమే. బేరం నాకు తెలీనిదా.
కాని రేటు కట్టేముందు
సరుకు ఏ చేలో పండిందో అడగాలి కదా.

నా పుస్తకంలో ముప్పై ఒక్క ఆటలున్నాయి.
గీత బయట, ఎదురుగా: ఇరవై ఆరు వేస్తే ఐదు.
కుడి మూల సంగతి అడక్కండి.
ఎడం పక్క, గీతకి అడుగున్నర లోపల
నలభైకి ఇరవై మూడు.

ప్రసన్నబాబు తల పట్టుకున్నాడు.
అది పనికిమాలిన చోటు బాబాయ్,
బెజవాడ దాకా టిక్కెట్టు కొని
మంగళగిరిలో దిగిపోవడం.
నేను గుమాస్తాని. కూడాను, భాగించాను.
నీ గీత బయట బంతికి యాభై ఎనిమిది పైసలు,
మంగళగిరిలో దిగితే రూపాయి పదిహేను.
దిగిపోనీరా.

ఆ చోటేమిటో వెళ్లి చూశాను.
సిమెంటు నెర్రె. వాన పడితే వారం నీళ్లు నిలుస్తాయి.
తొమ్మిదేళ్లప్పుడు, బడి చెప్పులు తడిస్తే
వాళ్లమ్మ వీపు పగలగొడుతుందని
ఆ నీళ్ల అంచున ఆగి
అక్కణ్ణుంచే విసిరేదట, నడుం వెనక్కి వంచి.
కోచింగంతా అంతే.

నాక్కూడా ఒక చోటుండేది.
తొంభై నాలుగు, నరసరావుపేట మీద,
ఒక్క పాయింటు వెనక, ఆరు సెకన్లు.
ఖాళీగా ఉన్నాను. ఎదురుగా ఎవరూ లేరు.
ఇచ్చేశాను.
వాడూ తప్పాడు.
స్వార్థం లేని ఆటగాడని శాలువా కప్పారు.
అది భయమని ఆ శాలువాకి తెలుసు, నాకు తెలుసు.
ఆ రోజు పుస్తకంలో నా పేరు ఎదుట
సున్నా లేదు, ఇంటూ లేదు. శుభ్రంగా ఉంది.

అందుకే స్కేలు పెట్టి ఇంకో గడి గీశాను.
వెయ్యనివి.
వెయ్యాల్సినప్పుడు ఇచ్చేసిన ప్రతి బంతికీ ఒక చుక్క.
మొన్నటి ఆటకి పదకొండు చుక్కలు.
చూపిస్తే పిల్ల మొహం ముడుచుకుంది,
చికెన్‌పాక్స్‌లా ఉంది బాబాయ్ అంది.

బెజవాడ బస్సులో, కాజ టోల్‌గేటు దగ్గర అడిగింది:
అయితే ఎక్కువ వెయ్యమంటావా?
ఎక్కువ తక్కువలు నాకు తెలీదమ్మా,
నీ నీళ్ల అంచు దొరికినప్పుడు వెయ్యి.
అక్కడ చెక్క నేలంట కదా, అంది.
కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

పటమటలో నేల నిజంగానే అద్దం.
నెర్రె లేదు, తడి లేదు, లైట్లు మాత్రం కాళ్ల కింద కూడా.
మూడో క్వార్టరు దాకా ఏడు చుక్కలు పెట్టాను.
అప్పుడు ఎడం పక్కకొచ్చింది.
ఒక్క క్షణం కిందికి చూసింది,
జారిన పిన్నీసు కోసం చూసినట్టు.
అవతల తాహెరా చెయ్యెత్తింది.
నా పెన్ను ఎనిమిదో చుక్క మీదికి వంగింది.

పిల్ల బొటనవేళ్లు ఆగాయి
అక్కడ లేని నీళ్ల దగ్గర.
నడుం వెనక్కి వంగింది.

పడిందో లేదో తర్వాత రాసుకుంటాను.
పెన్ను మూత ఎక్కడ పడేశానో ముందది వెతకాలి.
తాహెరా ఇంకా చెయ్యి దించలేదు.